షెడ్డులో ఏడాది ఆగబోయే పాత బీటిల్: పెయింట్ పాడవకుండా ఏం చేయాలి?

ఎర్ర_బీటిల్:

అందరికీ నమస్తే. మా మామయ్య వాడిన 1965 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇప్పుడు నా దగ్గర ఉంది. ఎరుపు రంగు. ఎడమ తలుపు కింది భాగం, వెనక ఒక మడ్‌గార్డ్ తప్ప మిగతాదంతా కంపెనీలో వేసిన రంగే అని ఆయన గట్టిగా చెప్పేవారు. దగ్గర నుంచి చూస్తే నిజమేననిపిస్తుంది. ఆ రెండు చోట్లా ఎరుపు కాస్త నారింజ వైపు ఉంటుంది.

ఉద్యోగం పని మీద ఏడాది దాకా ఇంటికి దూరంగా ఉండాలి. బండి షెడ్డులోనే ఉంటుంది. మా తమ్ముడు నెలకోసారి వచ్చి చూస్తానన్నాడు గానీ వాడికి బండ్లంటే ఓపిక లేదు. కాబట్టి నేను వెళ్లేలోపు ఏం చేస్తే అదే.

షెడ్డు సంగతి: ఇటుక గోడలు, కాంక్రీటు నేల, పైన ఇనుప రేకులు. పడమర వైపు ఒక కిటికీ ఉంది, సాయంత్రం ఎండ సరిగ్గా డిక్కీ మూత మీద పడుతుంది (బీటిల్‌కు ఇంజన్ వెనక, డిక్కీ ముందు). ఒక మూల అరలో పాత పెయింట్ డబ్బాలు, బాత్రూం కడిగే యాసిడ్ సీసా, పనికిరాని బ్యాటరీ ఒకటి ఉన్నాయి.

ఒక స్నేహితుడు బండి మొత్తానికి పాలిథిన్ షీటు చుట్టి టేపు వేసెయ్ అంటున్నాడు, గాలి తగలకపోతే తుప్పు పట్టదట. ఇంకొకరు సిరామిక్ కోటింగ్, అంటే రంగు మీద గట్టిగా అంటుకుపోయే పారదర్శక పూత, చేయించమంటున్నారు. మామూలు కవర్ చాలు అనేవాళ్లూ ఉన్నారు. ఇది కాక, ముందు కుడి మడ్‌గార్డ్ బాడీకి కలిసే చోట, మధ్యలో ప్లాస్టిక్ బీడింగ్ ఉంటుంది కదా, దాని పక్కన ఆవగింజంత బొబ్బలు మూడు నాలుగు లేచాయి.

రంగు పోతే మళ్లీ వేయించుకోవచ్చు కదా అని ఇంట్లో అందరూ తేలిగ్గా అంటారు. అలా వేయించింది మామయ్య బండి రంగు అవ్వదు కదా. అదీ నా టెన్షన్.

మెల్లగా_నడుపు:

మంచి కవర్ కొనండి బ్రదర్, సగం సమస్య తీరిపోతుంది. లోపలి వైపు మెత్తటి నూలు ఉండి, గాలి ఆడే రకం తీసుకోండి. బండి కొలతకు కుట్టినదైతే ఇంకా మంచిది, జారదు. పాలిథిన్ మాత్రం వద్దే వద్దు. నా బండి ఎప్పుడూ కవర్ కిందే ఉంటుంది, పైన దుమ్ము వేలితో గీస్తే అక్షరాలు రాయొచ్చు, కింద మాత్రం శుభ్రం.

డ్యూకో_తాత:

బాబూ, నేను కార్ల పెయింటింగులోనే బతికి రిటైరైనవాణ్ణి. కవర్ గురించి చివర్లో చెప్తాను. అందరూ దాంతోనే మొదలుపెడతారు, అందుకే నాకు కోపం.

ముందు నీ బండి మీద ఉన్నది ఏ రంగో తేల్చుకో. తెల్లటి నూలు గుడ్డకు కొంచెం పాలిష్ అద్ది, తలుపు లోపలి అంచులాంటి మరుగు చోట మెల్లగా రుద్ది చూడు. గుడ్డకు ఎరుపు అంటితే అది సింగిల్ స్టేజ్ పెయింట్. అంటే రంగు పైన విడిగా క్లియర్ కోటు, అదే రంగులేని పారదర్శక పొర, లేదు, నువ్వు తాకుతున్నది రంగునే. 1980లలో క్లియర్ కోటు మామూలైపోయే దాకా ఎక్కువ కార్లు ఇలాంటివే. గుడ్డకు రంగు అంటిందని కంగారు పడకు, అది దాని స్వభావం. కాకపోతే రుద్దిన ప్రతిసారీ కొంత రంగు గుడ్డతోనే పోతుంది. కంపెనీ పెయింట్ మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అందులో ప్రైమర్, అంటే అడుగు పూత, కూడా ఉంది. ఎవరి దగ్గరైనా థిక్‌నెస్ గేజ్ దొరికితే ప్రతి రేకు మీదా పెట్టి చూసి అంకెలు రాసుకో. మళ్లీ రంగు వేసిన తలుపూ మడ్‌గార్డూ అక్కడే బయటపడతాయి, పుట్టీ ఉంటే అంకె ఇంకా పైకి పోతుంది. మామయ్య మాట నిజమో కాదో కూడా తేలుతుంది.

ఇక అసలు విషయం. షెడ్డులో ఉన్న బండి రంగుకు మొదటి శత్రువు తేమ. పెయింట్ నీటిని పూర్తిగా ఆపుతుందని చాలామంది అనుకుంటారు. వాననీరు జారిపోతుంది, నిజమే. నీటి ఆవిరి మాత్రం పెయింట్ పొర గుండా మెల్లగా లోపలికి పోతూనే ఉంటుంది. అడుగున ఎక్కడైనా కాస్త ఉప్పు గానీ, రంగు వేసేటప్పుడు చేతి చెమట గానీ మిగిలి ఉంటే, అది ఆ నీటిని లాక్కుని పట్టి ఉంచుతుంది. పొర పైకి లేస్తుంది. అదే బొబ్బ. ఆ నీరు ఇనుమును చేరితే తుప్పు. తుప్పుకు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి, కాబట్టి రంగును కింద నుంచి తోసుకుని పైకి వస్తుంది. పైన ఎంత మైనం పూసినా అప్పుడు లాభం లేదు.

అందుకే పాలిథిన్ చుట్టమన్న స్నేహితుడికి దండం పెట్టి పంపెయ్. బండిలో సీట్ల దూది, కార్పెట్, తలుపుల లోపలి అట్టలు, అన్నిట్లోనూ తేమ ఉంటుంది. పగలు వేడికి అది బయటికి వస్తుంది, రాత్రి రేకు చల్లబడగానే దాని మీదే నీళ్లై కూర్చుంటుంది. పాలిథిన్ ఆ నీటిని ఎటూ పోనివ్వదు. రంగు నెలల తరబడి తడి గుడ్డ కప్పుకున్నట్టే. గాలి 25 డిగ్రీలుండి, తేమ 70 శాతం ఉందనుకో, 19 డిగ్రీలకు చల్లబడ్డ ఏ రేకు మీదైనా నీళ్లు పడతాయి. తెల్లవారుజామున షెడ్డులో ఇనుము అంత చల్లబడటం పెద్ద విషయం కాదు.

గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ ఒకటి కొని బండి పక్కన, నేలకు కాస్త ఎత్తులో పెట్టు. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే బండికి హాయి. 60 దాటి అక్కడే ఉంటే తుప్పు జోరందుకుంటుంది. మరీ 30కి దించాలని చూడకు, రబ్బర్లు, సీట్ల తోలు, చెక్క ఎండి పగుళ్లిస్తాయి. నేలను కూడా పరీక్షించు. మూరెడు, అంటే 18 అంగుళాల చదరం పాలిథిన్ ముక్కను కాంక్రీటు మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో అంటించి, కనీసం 16 గంటలు వదిలెయ్. తీసినప్పుడు కింద తడిగానో నల్లగానో ఉంటే, నీ నేల రాత్రీ పగలూ షెడ్డులోకి తేమ వదులుతోందన్నమాట.

పైన ఇనుప రేకులన్నావు. తెల్లవారుజామున టార్చిలైటు వేసి రేకుల అడుగు చూడు. అక్కడ చెమ్మ చుక్కలు కట్టి బండి మీద పడుతుంటాయి, ఎక్కడో వాన కారుతోందనుకుంటారు జనం. ఆ చుక్కల్లో రేకుల మీది దుమ్మూ తుప్పూ కలిసి ఉంటాయి, ఆరాక మచ్చలవుతాయి. రేకుల కింద థర్మోకోల్ గానీ ఫోమ్ షీటు గానీ బిగిస్తే చాలావరకు ఆగిపోతుంది.

గాలిలో తేమ లాగే మిషన్, డీహ్యూమిడిఫైయర్, పెట్టగలిగితే పెట్టు. రెండు మాటలు గుర్తుంచుకో. తలుపు కింద సందులూ కిటికీ సందులూ మూయకపోతే అది వీధిని ఆరబెడుతూ కూర్చుంటుంది. డబ్బా నిండితే ఆగిపోతుంది, నీ తమ్ముడు నెలకోసారి వస్తాడు కాబట్టి గొట్టం బయటికి తీసి నీళ్లు వాటంతటవే పోయేలా చెయ్యి. 15 డిగ్రీల కంటే చల్లగా ఉండే చోట కంప్రెసర్ రకం నీరసపడుతుంది, తేమ పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకం మేలు. గ్యాసుతోనో కిరోసిన్‌తోనో మండే హీటర్ వెలిగించి షెడ్డు వెచ్చబెట్టాలని ఎవరైనా అంటే వినకు, ఆ మంట నుంచి కూడా నీటి ఆవిరే వస్తుంది.

మూల అర సంగతి. ఆ యాసిడ్ సీసాను ఈ రోజే బయట పడెయ్. మూత బిగించి ఉన్నా దాని ఆవిరి కొంచెం కొంచెం బయటికి వస్తుంది, క్రోమ్ బంపర్లను ముందు తింటుంది, తర్వాత రంగు అంచుల్లో దూరుతుంది. పాత బ్యాటరీ కూడా పోవాలి. బండిలో బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది కదా, అదీ తీసి ఇంకోచోట పెట్టు, ఆ చోటు వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి ఆరబెట్టు. ముందు డిక్కీలో స్పేర్ టైరు దగ్గర బ్రేక్ ఆయిల్ డబ్బా ఉంటుంది, దాని చుట్టూ తడి ఉందేమో చూడు. మామూలు బ్రేక్ ఆయిల్ రంగును ఊడబెరుకుతుంది. పడితే తుడవొద్దు, రుద్దొద్దు, ముందు బాగా నీళ్లు పోసి కడిగెయ్. అది నీళ్లలో కరుగుతుంది.

కిటికీకి అట్ట గానీ ప్లైవుడ్ గానీ కొట్టెయ్. అద్దం అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగాన్నే ఆపుతుంది. పాత ఎరుపు రంగుల్లాగా త్వరగా వెలిసిపోయే రంగు ఇంకొకటి లేదు. ఏడాది తర్వాత డిక్కీ మూత ఒక్కటే గులాబీ రంగులో కనిపిస్తే చూడలేవు.

వెళ్లే ముందు బండిని బాగా కడుగు. పక్షి రెట్టలు, పురుగుల మరకలు, తారు చుక్కలు ఒక్కటీ మిగలకూడదు. మడ్‌గార్డుల లోపలి వైపు మట్టి గడ్డకట్టి ఉంటుంది, అది తేమను నెలలు పట్టి ఉంచుతుంది, అక్కడే ఎక్కువసేపు గడుపు. కడిగాక వెంటనే షెడ్డులో పెట్టకు. ఎండ లేని పొడి గాలిలో కాసేపు నడిపితే సందుల్లోని నీళ్లు బయటికి కొట్టుకుపోతాయి. తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, అగ్గిపుల్లతో పొడిచి చూడు. అవి మూసుకుపోతే తలుపు లోపల నీళ్లు నిలుస్తాయి. నీ ఎడమ తలుపు కింద రంగు మళ్లీ వేయాల్సి వచ్చింది ఎందుకనుకుంటున్నావు?

ఆ తర్వాత మంచి కార్నౌబా మైనం పల్చగా పట్టించు. రంగును అరగదీసే రబ్బింగ్ కాంపౌండ్ వద్దు, రాపిడి లేని పాలిష్ చాలు. మైనం ఆవిరిని ఆపదు గానీ చుక్కలు, రెట్టలు, చేతి మరకలు నేరుగా రంగుకు తగలకుండా చూస్తుంది. ముఖ్యంగా అది తీసెయ్యాలంటే తేలిగ్గా పోతుంది. సిరామిక్ కోటింగ్ మీద నాకు ద్వేషం లేదు, కొత్త కార్లకు బాగుంటుంది. నీ రంగు మీద మాత్రం వద్దంటాను. దాన్ని తీయాలంటే రాపిడి చేయాల్సిందే, ఆ రాపిడిలో పోయేది నీ మామయ్య బండి రంగు.

ఇప్పుడు కవర్. షెడ్డు తలుపు మూసి, దుమ్ము తక్కువగా ఉండి, పిల్లలూ పిల్లులూ రాకపోతే కవర్ లేకపోయినా నష్టం లేదు. కవర్ వల్ల గీతలు పడేది వేసేటప్పుడూ తీసేటప్పుడూ. దుమ్ము మీద కవర్ లాగితే అది గరుకు కాగితమే. ఓపిక లేని తమ్ముడు నెలకోసారి కవర్ లాగి చూసి మళ్లీ కప్పడం కంటే, దుమ్ము అలాగే ఉండిపోవడం మంచిది. దుమ్ము ఊరికే కూర్చుంటే ఏమీ చేయదు.

(డ్యూకో అనే పేరు పెట్టుకున్నావేంటని ఎవరో అడిగారు. 1923లో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకర్ పేరది, 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లకు వేశారు. అంతకుముందు వార్నిష్ రంగులు ఆరడానికి వారాలు పట్టేవి, ఇది గంటల్లో ఆరింది. మా వర్క్‌షాపుల్లో ఆ తర్వాత ఎన్ని రకాల పెయింట్లు వచ్చినా అన్నిటినీ డ్యూకో అనే పిలిచేవాళ్లం.)

మెల్లగా_నడుపు:

తాతగారూ, దుమ్ము సరే. రాత్రి పిల్లి వచ్చి పైన పడుకుంటే? పైన అటక మీద నుంచి ఏదైనా పడితే? నెలల తరబడి ఏమీ కప్పకుండా ఉంచాలంటే నాకు మనసొప్పదు.

డ్యూకో_తాత:

పిల్లి ఉంటే నీ మాటే రైటు. మధ్యేమార్గం ఒకటుంది. బండి చుట్టూ పీవీసీ గొట్టాలతో ఒక చట్రం కట్టి, దాని మీద నూలు గుడ్డ దోమతెరలా వేలాడదీస్తే గుడ్డ రంగును అసలు తాకదు, గాలీ ఆడుతుంది. పిల్లి ఎక్కడానికి గట్టి ఆధారం దొరకదు. తమ్ముడు ఒక మూల ఎత్తి టార్చితో చూసి వదిలేస్తే చాలు. అటక మీది సామాను మాత్రం ముందే దించెయ్యాలి. సైకిలో నిచ్చెనో పడితే ఏ గుడ్డా ఆపదు.

లాకర్_లక్ష్మి:

నా దగ్గర 1950ల నాటి కారుంది, నైట్రోసెల్యులోజ్ లాకర్ రంగు. తాతగారు చెప్పని రెండు విషయాలు చెప్తాను.

ఒకటి, రబ్బరు గానీ మెత్తటి వినైల్ గానీ పాత రంగుకు ఆనుకుని నెలల తరబడి ఉండకూడదు. వినైల్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనాలు రంగులోకి దిగి దాన్ని మెత్తబరుస్తాయి. లాకర్‌కైతే ఈ బాధ మరీ ఎక్కువ. నేను కొనేనాటికే నా బండి బానెట్ మీద ఎవరో వదిలేసిన రబ్బరు మ్యాట్ చారలు అచ్చుపడి ఉన్నాయి, పాలిష్‌కు లొంగలేదు. బీటిల్‌కు ఎనామెల్ రంగు అయ్యుండొచ్చు, అయినా ఎందుకు రిస్క్? కవర్ కొంటే దాని అంచు ఎలాస్టిక్, లోపలి కుట్లు, కట్టే బెల్టుల ప్లాస్టిక్ బకిల్ ఎక్కడ ఆనుతున్నాయో చూడండి. వైపర్లను అద్దం మీద నుంచి లేపి, కింద చిన్న గుడ్డ పెట్టండి.

రెండోది, మీ తమ్ముడిని నెలకోసారి ఇంజన్ స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచమని ఎవరో ఒకరు కచ్చితంగా చెప్తారు. వద్దు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు తయారవుతుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపు ఆపేస్తే అందులో కొంత సైలెన్సర్లో మిగులుతుంది, మిగతాది ఆవిరై మీరు ఆరబెట్టిన షెడ్డులోనే తిరుగుతుంది, పొగ మసి రంగు మీద కూర్చుంటుంది. మూసిన షెడ్డులో ఆ పొగ మనిషి ప్రాణానికే ప్రమాదం, అది వేరే సంగతి.

లాకర్ ఉన్నవాళ్లెవరైనా చదువుతుంటే: చల్లటి షెడ్డు నుంచి ఒక్కసారిగా మండే ఎండలోకి బండిని తీయకండి. పాత లాకర్ ఏళ్లు గడిచేకొద్దీ బిగుసుకుపోయి ఉంటుంది, కింద రేకు సాగితే అది సాగలేక పగుళ్లిస్తుంది. మందంగా వేసిన చోట మరీనూ.

ఎర్ర_బీటిల్:

అందరికీ థాంక్స్. యాసిడ్ సీసా, బ్యాటరీ పోయాయి. గుడ్డకు ఎరుపు అంటింది, కాబట్టి సింగిల్ స్టేజే. నేల మీద అంటించిన పాలిథిన్ ముక్క కింద ముత్యాల్లా నీళ్లు! హైగ్రోమీటర్ రాత్రి 78 చూపించింది, మధ్యాహ్నం 60 దగ్గర. నేలకు ఏం చేయాలి తాతగారూ? బొబ్బల గురించి మీరు ఏమీ చెప్పలేదు. అక్కడ గీకించి టచప్ వేయించి వెళ్లిపోనా?

డ్యూకో_తాత:

నేలకు పాలిథిన్ వెయ్యి. అవును, నేనే చెప్తున్నా. బండికి చుట్టొద్దన్నాను, నేలకు వద్దనలేదు. మందమైన షీటు గోడ నుంచి గోడ దాకా పరిచి, అంచులు గోడ మీదికి కాస్త మడిచి అంటించు. చక్రాలు దిగే చోట పైన ప్లైవుడ్ ముక్కలు వెయ్యి, లేకపోతే చిరిగిపోతుంది. ఆ 78 గణనీయంగా దిగాలి. దిగకపోతే అప్పుడు డీహ్యూమిడిఫైయర్ కొను, ముందే కొనకు.

బొబ్బల్లో ఒకదాన్ని సూదితో పొడిచి చూడు. తేట నీరొస్తే తేమ ఇంకా రంగు అడుగునే ఉంది. గోధుమరంగు పొడో నీళ్లో వస్తే తుప్పు మొదలైంది. నా అంచనా రెండోదే. ఆ బీడింగ్ దగ్గర మట్టీ నీళ్లూ చేరి కూర్చుంటాయి, ఈ మోడల్లో మడ్‌గార్డులకు పాత రోగమది. పైపైన గీకి టచప్ వేస్తే తుప్పు లోపలే ఉండిపోతుంది. మడ్‌గార్డు బోల్టులతోనే ఉంటుంది కాబట్టి విప్పు. బీడింగ్ తీసి పారెయ్, రెండు అంచులూ మెరిసే ఇనుము కనిపించే దాకా శుభ్రం చేసి, ఎపాక్సీ ప్రైమర్ వెయ్యి. పైరంగు ఇప్పుడు వద్దు. కొత్తగా వేసిన రంగులోంచి సాల్వెంట్ పూర్తిగా పోవడానికి రకాన్ని బట్టి నెల నుంచి మూడు నెలలు పడుతుంది, అప్పటిదాకా మైనమూ పూయకూడదు, కవరూ కప్పకూడదు. ప్రైమర్ బాగా ఆరాక దాని మీద, కలిసే అంచుల లోపలా క్యావిటీ వ్యాక్స్, అంటే సందుల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం, కొట్టి, కొత్త బీడింగ్‌తో బిగించెయ్. ఆ వేలెడు మేర ప్రైమర్ రంగు ఏడాది కనిపిస్తే ఏం? వచ్చాక వ్యాక్స్ తుడిచి తీరిగ్గా రంగు కలిపించుకో, అప్పటికి వెలిసిన ఎరుపుకు సరిగ్గా మ్యాచ్ చేసేవాడిని వెతకాలి కూడా.

ఎర్ర_బీటిల్:

విప్పడం మొదలుపెట్టా. కింది బోల్టు ఒకటి కదలట్లేదు. హీట్ గన్ పెట్టనా?

డ్యూకో_తాత:

వద్దు! ఆ రేకుకు అవతలి వైపు ఉన్నది నీ అసలు రంగు, వేడికి అక్కడే ఉబ్బుతుంది. చక్రం వైపు నుంచి వైర్ బ్రష్‌తో మట్టి పూర్తిగా గీకి, పట్టేసిన బోల్టు సందుల్లోకి దిగే పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలెయ్. కారి బయటి రంగు మీదికి రాకుండా కింద గుడ్డ కట్టు. పొద్దున ముందు కాస్త బిగించే వైపు తిప్పు, కదిలాక విప్పు. బలవంతం చెయ్యకు, అవతలి నట్టు బాడీకే అతికి ఉంటుంది, అది ఊడితే పని పెరుగుతుంది. బోల్టు తల పోతే పోయింది, కొత్తది వస్తుంది.